మంచుగా పుట్టి వానగా దిగే నీటి కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు ఉన్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, అందులో ఎనిమిదేళ్ళు రెయిన్‌గేజి రిజిస్టరు రాసినవాణ్ణి కనుక నాకు తెలిసిన సంగతి వాన ఒక్కటే. కణేకల్ ప్రాంతంలో పుట్టినవాడికి వాన గురించి మాట్లాడాలంటే వేరే కారణం అక్కరలేదు కదా!

ఈ వ్యాసానికి మూలం ఒక ఫోన్ కాల్. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రాన్ని చలి తుపాను ముంచెత్తింది. కరెంటు పోయి లక్షలాది ఇళ్ళు చీకట్లో ఉండిపోయాయి. డల్లాస్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా మనవడు ఫోన్ చేసి, "తాతా, ఇక్కడ పడేది వాన లాగే ఉంది, కానీ రోడ్డు మీద పడగానే అద్దంలా గడ్డకడుతోంది. దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. అదే వారంలో, ఫిబ్రవరి 11న, పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో అలాంటి రోడ్డు మీదనే నూట ముప్పైకి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. వాడు క్షేమంగా ఉన్నందుకు సంతోషించాను గానీ, వాడి ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

ఒక్క మాట, నాలుగు వస్తువులు

మన భాషలో చలికాలపు తడికంతా 'మంచు' అనే పేరు. హిమాలయాల్లో కురిసేదీ మంచే. తెల్లవారుజామున శనగ ఆకు మీద నిలిచే బొట్టూ మంచే. బళ్ళారి రోడ్డు మీద బస్సు లైట్లకు అడ్డం వచ్చేదీ మంచే. మరీ అవసరమైతే దాన్ని పొగమంచు అంటాం. విశాఖ మన్యంలో లంబసింగి వైపు చలి సున్నా దగ్గరికి దిగిన రాత్రి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు కనిపించేదీ మంచే. మన సరిహద్దు అవతల కన్నడం వారు ఆకు మీది బొట్టును 'ఇబ్బని' అని వేరుగా పిలుస్తారు. మన కణేకల్ ఇళ్ళలో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి ఆ మాట మనకూ పరిచయమే.

పేరు ఒక్కటే అయినా ఇవి పుట్టే తీరు వేరు. ఆకాశం నుంచి పడేవి కొన్ని, అసలు పడకుండా ఉన్నచోటనే పుట్టేవి కొన్ని. ఆ తేడా తెలియకపోవడం వల్ల నా ఉద్యోగంలో ఒక తప్పు జరిగింది. దాని సంగతి తరువాత చెబుతాను.

మన వాన కూడా చాలాసార్లు మంచే

ఆకాశంలో మేఘం అంటే ఆవిరి కాదు, చాలా సన్నని నీటి తుంపరలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. మనం చూసే ఒక్క వానచినుకు తయారు కావాలంటే అలాంటి తుంపరలు సుమారు పది లక్షలు కలవాలి. అవి ఎలా కలుస్తాయన్నది చాలాకాలం శాస్త్రజ్ఞులకే అంతుపట్టలేదు.

దీనికి దారి చూపినవాడు స్వీడన్ దేశపు టోర్ బెర్గెరాన్. 1922లో ఆయన నార్వేలో ఓస్లో దగ్గర కొండమీది అడవిలో నడిచేవాడు. చలి సున్నా కంటే పైన ఉన్న రోజున పొగమంచు చెట్ల మధ్య బాట మీద కూడా నేలదాకా నిండి ఉండేది. చలి సున్నాకు బాగా దిగువకు పోయిన రోజున మాత్రం చెట్ల కొమ్మలకు తెల్లటి మంచు పట్టి, బాట మీద పొగమంచు విడిపోయి కనిపించేది. కొమ్మల మీది మంచు చుట్టుపక్కల గాలిలోని తేమను లాగేసుకుంటోందని ఆయనకు తట్టింది. 1911లోనే జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఈ సూత్రాన్ని సూచించాడు. ఖండాలు కదులుతాయని చెప్పిన వెగెనర్ ఈయనే. బెర్గెరాన్ దాన్ని మేఘాలకు వర్తింపజేసి 1933లో లిస్బన్ సభలో ప్రకటించాడు. ఆ తరువాత ఫిండైజెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి మరింత బలం చేకూర్చాడు.

సూత్రం ఇది. మేఘంలోని తుంపర సున్నా డిగ్రీలు రాగానే గడ్డకట్టదు. పట్టుకోవడానికి తగిన ధూళికణం దొరకకపోతే ఇరవై, ముప్పై డిగ్రీల చలిలోనూ నీరుగానే ఉండగలదు. ఆ తుంపరల మధ్య ఒక్క మంచు పలుకు పుడితే, చుట్టూ ఉన్న తుంపరలు ఆవిరై పోతూ ఉంటే ఆ ఆవిరి అంతా ఈ పలుకు మీద చేరి పేరుకుంటుంది. నీటికంటే మంచు మీద ఆవిరి త్వరగా నిలబడుతుంది కనుక అలా జరుగుతుంది. పలుకు పెరిగి, బరువెక్కి, కిందికి దిగడం మొదలుపెడుతుంది.

మన దక్షిణాదిలో సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున గాలి సున్నా డిగ్రీలకు చేరుతుంది. ఉరుములతో వచ్చే పెద్ద మేఘం దానికి రెండింతలు పైకి లేస్తుంది. అంటే మే నెలలో కణేకల్ బస్టాండులో మనం చెమటలు కక్కుతూ నిలబడినా, నెత్తిమీది ఆ మేఘంలో మంచు తయారవుతూనే ఉంటుంది. అది దిగుతూ దిగుతూ కరిగి మనకు వానగా అందుతుంది. మేఘం అంత ఎత్తు లేకపోతే మంచు అవసరం లేకుండానే తుంపరలు ఒకదాన్నొకటి ఢీకొని కలిసి చినుకవుతాయి. సముద్రపు గాలితో వచ్చే సన్నజల్లులు చాలావరకు ఇలాంటివే.

దారిలోని గాలే పేరు పెడుతుంది

ఇక మనవడి ప్రశ్నకు వద్దాం. పైనుంచి బయలుదేరిన మంచు పలుకు నేలకు ఏ రూపంలో చేరుతుందన్నది అది దిగే దారిలోని గాలి మీద ఆధారపడి ఉంటుంది.

దారి పొడవునా చలి ఉంటే అది మంచుపూవుగానే నేలకు చేరుతుంది. కాశ్మీరులో జరిగేది ఇదే. నడుమ ఒక వెచ్చని పొర తగిలి కరిగి, కింద మళ్ళీ మందమైన చలిపొర దొరికితే నేలకు చేరేలోపలే గట్టిపడి ఐసు పూసలుగా రాలుతుంది. ఇంగ్లీషులో స్లీట్ అంటారు. కింది చలిపొర పలుచగా ఉంటే గడ్డకట్టడానికి వ్యవధి చాలదు. అది నీరుగానే దిగి, సున్నాకంటే చల్లగా ఉన్న రోడ్డుకో, చెట్టుకొమ్మకో, కరెంటు తీగకో తగిలిన క్షణంలో ఐసవుతుంది. దీనిపేరు ఫ్రీజింగ్ రెయిన్. చూపుకు వాన, పనికి మంచు. మా వాడికి నేను 'తాకితే గడ్డకట్టే వాన' అని చెప్పవలసింది. కింది గాలంతా వెచ్చగా ఉంటే వట్టి వాన. మన చలికాలంలో రాత్రి చలి పదిహేను డిగ్రీల దరిదాపులకు దిగితేనే కంబళ్ళు బయటికి తీస్తాం కనుక మన వంతుకు వచ్చేది ఎప్పుడూ ఈ చివరిదే.

మన ప్రాంతానికి ఇంకొక రూపం కూడా ఉంది. మేఘం నుంచి చినుకు బయలుదేరుతుంది, కింద పొడిగాలి దాన్ని దారిలోనే తాగేస్తుంది. దూరాన తెర వేలాడినట్టు కనిపిస్తుంది గానీ హగరి ఇసుక మీద ఒక్క చుక్క పడదు. అలాంటి తెరను చూసి ఆశపడని రైతు మన దగ్గర ఉన్నాడా?

కరువు, హిమాలయం, మన తాలూకా

మన కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోదే. అప్పుడే అనంతపురంలో కలిసింది. 1985లో మండలాలు వచ్చాక కణేకల్ మండలమైంది. పడమటి కనుమలు నైరుతి గాలిలోని తేమను అటువైపే దించేసుకుంటాయి. ఈశాన్య గాలి బంగాళాఖాతం నుంచి మన దాకా వచ్చేసరికి అలసిపోతుంది. అందుకే జిల్లాకు ఏడాది మొత్తంలో వచ్చేది సుమారు 550 మిల్లీమీటర్లే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం దారితప్పి మనవైపు వస్తే తప్ప చలికాలంలో చెప్పుకోదగ్గ వాన ఉండదు. వస్తే ఒక్కోసారి 2021 నవంబరులో రాయలసీమను ముంచినట్టు ముంచుతుంది.

1876-78 మధ్య వచ్చిన మహా కరువులో బళ్ళారి జిల్లా దారుణంగా దెబ్బతిన్నది. 'ధాత కరువు' అని మన పెద్దలు చెప్పుకున్నది ఆ కాలం గురించే. భారత వాతావరణ శాఖ అంతకు కొద్ది ముందే, 1875లో ఏర్పడింది. దాని మొదటి అధికారి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్. వచ్చే వానాకాలం ఎలా ఉంటుందో ముందుగా చెప్పగలరా అని కరువు తరువాత ప్రభుత్వం అడిగింది. ఆయన చూసింది ఎక్కడనుకున్నారు? హిమాలయాల మీద. చలికాలంలో, వసంతంలో అక్కడ మంచు ఎక్కువగా పడితే ఆ ఏడాది మన నైరుతి వానలు తగ్గుతాయని 1884లో ఆయన ప్రతిపాదించాడు. దాని ఆధారంగా 1886 జూన్ 4న దేశంలో మొదటి దీర్ఘకాల వాన అంచనా వెలువడింది.

ఆ లెక్క అన్ని ఏళ్ళూ కుదరలేదు. 1904లో ఆ పదవిలోకి వచ్చిన గిల్బర్ట్ వాకర్ మంచు ఒక్కటే చాలదని చూసి, ప్రపంచమంతటి గాలి ఒత్తిడి లెక్కలు తిరగేశాడు. పసిఫిక్ మహాసముద్రం మీది ఒత్తిడి ఊగిసలాటను ఆయన కనిపెట్టింది ఆ వెదుకులాటలోనే. ఈనాడు పేపర్లలో ఎల్‌నినో అని చదివే విషయానికి అది సగభాగం. మన తాలూకా లాంటి చోట్ల జనం ఆకలితో చచ్చిపోయినందువల్ల మొదలైన వెదుకులాట అది. మంచు కంటికి ఎన్నడూ కనిపించని ఊరి బతుకు కూడా మంచు లెక్కల్లోకి ఎక్కింది.

గరాటులోని రాళ్ళు

మా కాలపు రెయిన్‌గేజి సంగతి కొత్తతరం వారికి చెప్పాలి. ఆఫీసు ఆవరణలో, చెట్టు నీడ తగలనిచోట, రేకుతో చేసిన గుండ్రటి పాత్ర పాతి ఉండేది. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్ళను కొలగ్లాసులో పోసి చూడాలి. మొదట్లో అంగుళాలు, సెంట్లు. మెట్రిక్ కొలతలు వచ్చాక మిల్లీమీటర్లు. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే ఆ దినం 'వానదినం'. రైతు మాత్రం మిల్లీమీటరు ఎరుగడు. "పదును ఎంత దిగినాది?" అని మడకతో చూసుకుంటాడు. కానీ కరువు ప్రకటన, శిస్తు మాఫీ, నష్టపరిహారం, ఏదైనా సరే ఆ సీసా చెప్పిన అంకె మీదనే ఆధారపడేది.

అది 1970వ దశకం మొదట్లో. నేను అప్పుడు పనిచేసిన ఊరి పేరు ఇక్కడ అనవసరం. ఫాల్గుణ మాసం, మధ్యాహ్నం మూడు గంటలు. ఉన్నట్టుండి నల్లటి మేఘం కమ్మి ఇరవై నిమిషాలు రాళ్ళవాన కురిసింది. ఉసిరికాయలంత వడగండ్లు. వెంటనే వాన ఎంతో రాసి పంపమని పైనుంచి అడిగారు. నేను పరుగున వెళ్ళి చూస్తే గరాటు నిండా రాళ్ళు పేరుకుని ఉన్నాయి. సీసాలో నాలుగు మిల్లీమీటర్ల నీళ్ళు. వాన అంటే నీళ్ళే కదా అనుకున్నాను. ఆ రాళ్ళను చేత్తో తీసి అవతల పారేసి, రిజిస్టరులో 'నాలుగు' అని రాశాను.

మరునాడు ఒక పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. కోతకు వచ్చిన తెల్లజొన్న ఐదెకరాలు.

"సార్, చేనంతా రాళ్ళతో పరుపు పరిచినట్టు ఉండె. మీ బుడ్డిలో ఎంత పడినాదో ఏమో గానీ నా జొన్న మాత్రం నేలపాలైపోయినాది" అన్నాడు.

అర్జీ రాయించుకున్నాం. అర్జీ మీద పైన ఒక వాక్యం రాశారు: 'నాలుగు మిల్లీమీటర్ల వానకు అంతటి నష్టం సంభవించదు'. కాగితం తిరిగి వచ్చింది. ఆ అంకె నాది.

కొన్ని నెలల తరువాత బీరువా సర్దుతుంటే పరిశీలకులకు ఇచ్చిన అచ్చు పుస్తకం ఒకటి కనిపించింది. వడగండ్లు గాని, మంచు గాని పడితే కొలిచిన గోరువెచ్చని నీళ్ళు పోసి కరిగించి, మొత్తం కొలిచి, పోసినన్ని తీసివేయాలని అందులో స్పష్టంగా ఉంది. మంచు పడే దేశాల్లో ఇది చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. తాజాగా పడిన పది సెంటీమీటర్ల మంచు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరు అవుతుందని వారికి మోటుగా లెక్క. మనకు మంచు తెలియదు కాబట్టి నేను ఆ పేజీ చదవలేదు.

వడగల్లు పుట్టేది కూడా మంచు పలుకు నుంచే. బలమైన పైగాలి దాన్ని పడనివ్వకుండా మేఘంలోనే నిలబెడితే, చల్లని తుంపరలు దానికి తగిలి గడ్డకడుతూ పొరమీద పొర పడుతుంది. గాలి మోయలేనంత బరువైనప్పుడు రాలుతుంది. అంత వేగంగా పడుతుంది కాబట్టి నేలదాకా కరగదు. కాశ్మీరు మంచుకూ నేను పారేసిన ఆ రాళ్ళకూ పుట్టుక ఒక్కటే. ఈ ముక్క నాకు ఆనాడు తెలిసి ఉంటే ఆ గరాటు ముందు ఒక్క నిమిషం ఆగేవాణ్ణి. రిజిస్టరు దిద్దడానికి ధైర్యం చాలలేదు, అప్పటికి ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు. పెద్దాయనతో నిజం చెప్పుకుందామని చాలా ఏళ్ళ తరువాత ఆ ఊరు వెళితే, ఆయన పోయి రెండేళ్ళయిందన్నారు.

కురవని మంచు

ఇక ఆకు మీది మంచు. ఇది ఆకాశం నుంచి పడుతుందని కొందరు, నేలలోంచి లేస్తుందని కొందరు చాలాకాలం వాదించుకున్నారు. లండన్‌లో వైద్యుడైన విలియం చార్లెస్ వెల్స్ తూచిన ఉన్ని ముక్కలను రాత్రిపూట తోటలో పెట్టి, ఉదయం మళ్ళీ తూచి చూశాడు. పైన అట్ట కప్పి ఉంచిన ఉన్నికి తడి తక్కువ, ఆకాశం కనిపించే ఉన్నికి తడి ఎక్కువ. 1814లో ఆయన ప్రకటించిన పుస్తకంతో సంగతి తేలింది. నిర్మలమైన రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడతాయి. వాటికి తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. ఆకు సున్నాకంటే చల్లబడితే నీటికి బదులు తెల్లటి పలుకులు పుడతాయి, లంబసింగిలో గడ్డి మీద కనిపించేవి అవే.

మనలో చిన్నప్పుడు కళ్ళంలో కాపలా పడుకున్నవారికి ఇది వెల్స్ చెప్పకముందే తెలుసు. బయట పడుకున్నవాడి కంబళి తెల్లారేసరికి తడిసిపోయేది, బండి కింద దూరినవాడి కంబళి పొడిగా ఉండేది.

కణేకల్ నల్లరేగడిలో పప్పుశనగ మంచుకే పండుతుందని మన రైతుల మాట. నిజానికి పంటను మోసేది నేల కడుపులో దాగిన అక్టోబరు పదునే. మంచు ఒక రాత్రికి అర మిల్లీమీటరు దాటడం అరుదు. కానీ ఆకు తడిగా ఉన్నంతసేపు ఉదయపు ఎండ చెట్టులోని నీటిని లాగలేదు. ఎండిన నేల మీద ఆ రెండు మూడు గంటలు కూడా విలువైనవే. శనగ ఆకు మీది పులుపు ఆ మంచులో కరుగుతుంది. చేను మీద తెల్లగుడ్డ పరిచి తెల్లవారి పిండి తీసుకునే పులుసును అజీర్తికి మందుగా మా అవ్వ సీసాలో దాచేది. ఆ పులుపు మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలని నాకు తరువాత తెలిసింది. ఈ మంచు మా రిజిస్టరులో వానగా ఎక్కేది కాదు. సీసాలో వాన లేదు, చేలో తడి ఉంది!

వెండి పొగ

ఇంతదూరం వచ్చాక ఒక సంగతి చెప్పకుండా ముగించకూడదు. 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ చల్లని పెట్టెలోని పొగమంచులో డ్రై ఐసు ముక్క వేసి చూశాడు. క్షణంలో పెట్టెనిండా మంచు పలుకులు. అదే ఏడాది బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్ కూడా ఆ పనే చేస్తుందని కనిపెట్టాడు. దాని పలుకుల అమరిక మంచు పలుకుల అమరికను పోలి ఉంటుంది కనుక, చల్లని తుంపరలు దాన్ని మంచే అనుకుని పట్టుకుంటాయి. 2000 దశకంలో మన అనంతపురం జిల్లా మీద విమానాలు తిరిగి మేఘమథనం చేసింది ఈ సూత్రంతోనే. వెండి పొగ చల్లిన చోట మేఘం ఉండాలి, అందులో సున్నాకు దిగువన చల్లబడిన తుంపరలు ఉండాలి. లేని మేఘాన్ని ఏ విమానమూ తేలేదు. ఆ రోజుల్లో జనం ఆకాశం చూస్తూ నవ్వుకున్నారు, ఆశ కూడా పడ్డారు. మన కరువు సీమ మీద కృత్రిమంగా మంచు పుట్టించాలని చూశారంటే, వానకు మంచుతో ఎంత సంబంధం ఉందో ఊహించుకోండి.

ఇప్పుడు మండలాల్లో వాన లెక్కకు తమంతట తామే అంకెలు పంపే యంత్రాలు వచ్చాయి. పెన్ను పట్టుకుని తప్పు రాసే నాలాంటి గుమాస్తా అవసరం తగ్గింది. అయినా రాళ్ళవాన పడిన నాడు యంత్రం చూపిన అంకెతో పాటు చేను కూడా ఒకసారి చూసి రమ్మని, సర్వీసులో ఉన్న మన పిల్లలకు నా మనవి.

మనవడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాడు అంతా విని, "తాతా, అయితే ఇక్కడ నా కారు మీద పడిందీ, అక్కడ నీ చేతిలోంచి పోయిందీ ఒకటేనా?" అన్నాడు. ఒకటేనని చెప్పాను. ఆ పెద్దాయన సంగతి వాడికి చెప్పడం అదే మొదటిసారి. మీకు చెప్పడం రెండోసారి.

సంఘ సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని, ఈ స్వాతి కార్తెలోనైనా మన చేలకు నాలుగు చినుకులు అందాలని కోరుకుంటూ సెలవు.